పిట్టగోడ మీది భిన్నాలు

మొన్న పక్కింటి కుర్రాడు మా వరండాలో కూర్చుని ఫోనులో లెక్కల పాఠం వింటున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు. వాళ్ళింట్లో ఎప్పుడూ టీవీ గోల, అందుకని పెందుర్తిలో మా వరండాయే వాడికి చదువుకునే గది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకుంటున్నాను. ఫోనులోంచి ఎవరో హుషారైన మాస్టారు, "పాక్షిక భిన్నాలుగా విడగొట్టండి, మధ్యలోవన్నీ క్యాన్సిల్, ఆన్సర్ ఒకటి, అయిపోయింది, నెక్స్ట్!" అన్నాడు. అంతా కలిపి ఒక నిమిషం పట్టలేదు.

అయిపోయిందట! ముందు నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత కాయలు తుంచడం ఆపేశాను. "ఏటైందమ్మమ్మా?" అన్నాడు కుర్రాడు. ఏమీ లేదురా, నీ చదువు నువ్వు చూసుకో అన్నాను. ఏమని చెప్తాను? సరిగ్గా ఆ లెక్కే ఒకప్పుడు ఒక ఇంట్లో అవకుండా ఉండిపోయిందనీ, దాని పక్కన నిలబడాలంటే నాకు భయమేసేదనీ చెప్తే ముసల్దానికి మతి తప్పిందనుకుంటాడు.

అప్పుడు మేం వన్‌టౌన్‌లో ఉండేవాళ్ళం, హార్బరుకి నాలుగు సందుల ఇవతల. నాన్న వేటకెళ్ళేవాడు, అమ్మ చేపలమ్మేది. మా ఇంట్లో ఎండు నెత్తళ్ళ వాసన. సందు మొగలో నూనెలో పొంగుతున్న పునుగుల వాసన. ఆ పక్కన సాయిబుగారి కొట్లో కొబ్బరితాళ్ళ వాసన, తారు వాసన. కళ్ళు మూసుకుని నడిచినా ఏ గుమ్మం ముందున్నానో చెప్పగలిగేదాన్ని. వీటన్నిటి మీదా బొగ్గుధూళి. ఓడల్లోంచి దింపిన బొగ్గు రేవులో కుప్పలుగా ఉండేది. గాలి ఇటు తిరిగితే చాలు, ఊరి మీదికి వచ్చేసేది. తెల్లబట్ట ఆరేస్తే మధ్యాహ్నానికి బూడిదరంగు తేలేది. మా అమ్మ పూటపూటా ఇల్లు తుడిచి పూటపూటా ఆ గాలిని తిట్టేది.

ఆ ధూళిని తిట్టని మనిషి మా సందులో ఒక్కరే, మా ట్యూషన్ మేష్టారు.

సాయిబుగారు ఓడలకి తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మేవారు. ఇల్లు ఆయనదే. కింద కొట్టు, పై వాటాలో మేష్టారూ ఆయన భార్యా అద్దెకుండేవారు, ఆ పైన డాబా. ట్యూషన్ డాబా మీద, పొద్దున్నే. రాత్రి పడ్డ ధూళి డాబా నిండా పల్చగా, నున్నగా పరుచుకుని ఉండేది. ట్యూషన్ అయ్యేదాకా దాన్ని ఊడవడానికి వీల్లేదు. అదే మాకు పలక. గొంతుక్కూర్చుని చూపుడువేలితో లెక్క చేస్తే, వేలు పోయిన చోటల్లా కింద గచ్చు తెల్లగా బయటపడి అంకెలు కనిపించేవి. తప్పొస్తే అరచేత్తో చెరిపి పక్కకి జరగడమే. "సుద్దముక్కలకి డబ్బులెందుకురా, దేవుడు పొడి చల్లి పంపుతుంటే" అనేవారు మేష్టారు. ఇంటికెళ్ళాక మా అమ్మ నా వేలు చూసి, "లెక్కలు సేసినావా, బొగ్గులు మోసినావా?" అని చెవి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళేది.

మేష్టారికి ఒక పట్టుదల ఉండేది. ఎంతడిగినా జవాబు చెప్పేవారు కాదు. దారి చూపిస్తారు, తప్పెక్కడుందో వేలు పెట్టి చూపిస్తారు, జవాబు మాత్రం "నువ్వే కనుక్కో." ఏడ్చినా అంతే. మా మేనత్త కొడుకు, నేను బావా అని పిలిచేదాన్ని, నాతోపాటే ట్యూషనుకొచ్చేవాడు. వాడికి ఈ పద్ధతి అస్సలు పడేది కాదు. "జవాబు సెప్పకపోతే జీతం ఎందుకే ఈయనకి? నానే కనుక్కుంటే నాకే ఇవ్వాలి గదా!" అనేవాడు. మేష్టారి భార్య అది విని మెట్ల మీద నవ్వు ఆపుకునేది. ఆవిణ్ణి మేమంతా పిన్ని అనేవాళ్ళం. ట్యూషనయ్యాక చోడి అంబలి, అదే రాగిజావ, పోసేది, లేకపోతే మామిడితాండ్ర ముక్క చేతిలో పెట్టేది. మసిచేతుల్తో తింటే కొట్టేది కూడా.

వాళ్ళకి ఒక్కడే కొడుకు. నాకంటే ఒక క్లాసు పైన చదివేవాడు. లెక్కల్లో చురుకు, ఆటల్లో తొండి. గోళీలాటలో నన్నెన్నిసార్లు మోసం చేశాడో చెప్పలేను. ఒక వేసవిలో వాడికి కామెర్లొచ్చాయి. పసరు పోయించారు, ఆసుపత్రిలో పెట్టారు, దక్కలేదు. మా సందులో అంత ఎండలో అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు.

కొన్నాళ్ళకి ట్యూషన్ మళ్ళీ మొదలైంది. మేష్టారు మామూలుగానే పాఠం చెప్పేవారు. కొడుకు పేరు మాత్రం ఎత్తేవారు కాదు. పిన్ని ముందు కూడా ఎత్తేవారు కాదని మా అమ్మ అనేది. డాబా మీద ఒక మూలకి ఆయన వెళ్ళడం మానేశారు. మెట్లగది వెనకాల, గాలి అంతగా తగలని వైపు, పిట్టగోడ వెడల్పుగా గట్టులా ఉండేది. అక్కడ ధూళిలో వాడు రాసిన లెక్క ఉంది. మంచాన పడే ముందురోజు రాశాడు. ఒకటి బై రెండు, ప్లస్ ఒకటి బై ఆరు, ప్లస్ ఒకటి బై పన్నెండు, ప్లస్ ఒకటి బై ఇరవై, ఆ తర్వాత ఇంకో ప్లస్. అంతే. జవాబు లేదు.

మొదట మాకేమీ అనిపించలేదు. పాపం, వాడి రాత అని చూసి వచ్చేవాళ్ళం. ఆ వర్షాకాలం, ఆ చలికాలం గడిచి మళ్ళీ వేసవి వచ్చింది. ఒకరోజు బావ నన్ను ఆ మూలకి లాక్కెళ్ళాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒలే, ఆడే రాత్తన్నాడే."

"ఎవులు?"

"ఇంకెవులు? దుమ్ము రోజూ పడతాది గదా. నిన్న మనం రాసింది ఇవాళుందేటి? వానలు పడ్డాయి, గాలులు కొట్టాయి. మరి ఇది ఎలగుంది? సూడు, ఎంత తాజాగుందో! అదీ గాక ఆడు రాసినవి నాలుగే. ఇప్పుడెన్నున్నాయో సూడు!"

చూశాను. నిజమే. ఒకటి బై ముప్పై, ఒకటి బై నలభై రెండు, అలా గోడ మలుపుదాకా పోయింది లెక్క. అన్నీ ఒకే చేతి రాత, వాడి రాతే. తొమ్మిదికి తోక వంకరగా తిప్పేవాడు వాడు, తోక అలాగే ఉంది.

ఆ వేసవంతా మాకదే పని. ఎప్పుడు కొత్తది వస్తుందా అని కాపలా కాశాం. పున్నమి వెళ్ళిన మర్నాడు ఒక కొత్త భిన్నం వచ్చింది. మళ్ళీ నెల మళ్ళీ పున్నమి వెళ్ళిన మర్నాడే. అది వాడు పోయిన తిథి. బావ మెడలో కొత్త తాయెత్తు వచ్చి చేరింది. నేను పైకి ధైర్యంగా ఉన్నట్టు నటించేదాన్ని గానీ, హార్బరులో ఓడ కూత వేస్తే ఉలిక్కిపడేదాన్ని. ఏటే అలగైపోతన్నావు అని మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసేది.

ఆ రోజుల్లోనే మేష్టారు పెద్దక్లాసు పిల్లలకి పాక్షిక భిన్నాలు చెప్పడం మొదలుపెట్టారు. మేమూ పక్కన కూర్చుని వినేవాళ్ళం. "కలిసి కనిపిస్తున్నది నిజానికి రెండు ముక్కలు. విడదీసి చూడండి, అదెక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది" అనేవారు. అంతు లేకుండా పోయే వరసల్ని కూడా అలా విడగొట్టి మొత్తం కట్టించేవారు. ఎన్నో వరసలు ఇచ్చారు, ఆ ఒక్కటి తప్ప. ఒకరోజు బావ ఉండబట్టలేక, "మేష్టారూ, ఆ ఎనకాల గోడ మీద ఉన్నదానికి జవాబెంతండీ?" అనేశాడు. మేష్టారు లేచి నిలబడ్డారు. చేతులు దులుపుకున్నారు. "ఇవాళ్టికి వెళ్ళండి" అన్నారు. బావ వీపు మీద నేను ఒక్కటిచ్చాను, మెట్లు దిగుతూనే.

తర్వాతి పున్నమి వెళ్ళగానే, తెల్లారీ తెల్లారకుండా, అమ్మ హార్బరుకి బయల్దేరిన వెంటనే మేమిద్దరం సాయిబుగారి డాబా ఎక్కాం. బావ ఎక్కనంటే ఎక్కనన్నాడు. "నువ్ మొగోడివేటి?" అన్నాక ఎక్కాడు. మెట్లగది గోడకి కరుచుకుని తొంగి చూశాం. గట్టు ముందు ఎవరో కూర్చున్నారు. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు గాజుల చప్పుడైంది.

పిన్ని. చూపుడువేలితో ఒక్కొక్క అంకే దిద్దుతోంది. నిన్నటి గీతలోకి వేలు పెట్టి, పొల్లు పోకుండా, వాడు వంపు తిప్పిన చోటల్లా తిప్పుతోంది. చివరిదాకా దిద్ది, వేళ్ళ మీద ఏదో ఎక్కం లెక్కపెట్టుకుని, పక్కన కొత్తది రాసింది. రాసి కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడు మమ్మల్ని చూసింది.

"మీ మేష్టారికి సెప్పకండి," అంది. కోప్పడలేదు. "ఆ మడిసి తట్టుకోలేడు."

దెయ్యం కాదని తెలిశాక భయం పోవాలి కదా? పోలేదు. బావ అయితే తాయెత్తు ఇంకా బిగించి కట్టుకున్నాడు. దెయ్యమే అయి ఉంటే బాగుండును అనిపించింది నాకు. ఎవరికీ చెప్పలేదు మేము. ఆ తర్వాత పిన్ని అంబలి పోస్తుంటే తలెత్తి ఆవిడ మొహంలోకి చూడలేకపోయేదాన్ని.

ఇంతలో పిడుగులాంటి మాట తెలిసింది. సాయిబుగారు ఇల్లమ్మేస్తున్నారు. కొన్నవాళ్ళు పడగొట్టి కొత్తది కడతారట. మేష్టారు సబ్బవరంలో ఒక పెంకుటిల్లు మాట్లాడుకున్నారు. పిన్ని రానంది. ఎందుకు రావంటే చెప్పదు. మా అమ్మ వెళ్ళి బతిమాలింది. సాయిబుగారు స్వయంగా పైకొచ్చి, "తొందరేం లేదమ్మా, కొన్నోళ్ళతో నేను మాట్లాడతా, ఇంకో నెల ఉండండి" అన్నారు. ఆ నెలా అయిపోయింది. మేష్టారు పాఠం మధ్యలో ఆగిపోయి మెట్లవైపు చూసేవారు. ఆయన్ని వదిలి ఈవిడ ఇక్కడే ఏమైపోతుందో, ఈవిణ్ణి వదిలి ఆయన ఎలా వెళ్తారో అని సందంతా అదే చర్చ.

ఇల్లు ఖాళీ చేసే రోజు పొద్దున్నే వ్యాను వచ్చింది. నేనూ బావా సామాన్లు అందించడానికి వెళ్ళాం. మంచాలు దిగాయి, బిందెలు దిగాయి, పిన్ని దిగలేదు. డాబా మీద ఆ గట్టు ముందు కూర్చుండిపోయింది. కింద డ్రైవరు హారను కొడుతున్నాడు. చివరికి మేష్టారు పైకొచ్చారు. మెట్లగది దాటి, ఇన్నాళ్ళూ అడుగు పెట్టని ఆ మూలకి వెళ్ళారు. మేం వెనకే నిలబడ్డాం.

"రోజూ దిద్దుతున్నావని నాకు తెలుసు," అన్నారు.

పిన్ని ఆఖరి అంకె మళ్ళీ దిద్దింది.

"లెక్క అవలేదనే కదా నువ్వు కదలనిది? దీనికి జవాబుంది. చెప్తాను, విను. విని లే."

మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వరస కిందే ధూళిలో వేలు పెట్టారు. "ఒకటి బై రెండు అంటే, ఒకటిలోంచి సగం తీసేస్తే వచ్చేది. ఒకటి బై ఆరు అంటే, సగంలోంచి మూడోవంతు తీసేస్తే వచ్చేది. ఒకటి బై పన్నెండు, మూడోవంతులోంచి పావు తీసేస్తే వచ్చేది. చూశావా? ముందువాడు తీసేసిన సగాన్ని వెనకవాడు తెచ్చి ఇచ్చేస్తున్నాడు. ఆ వెనకవాడు తీసేసిన మూడోవంతుని వాడి వెనకవాడు తెస్తున్నాడు." ఒక్కొక్క జతా అడ్డంగా కొట్టేసుకుంటూ పోయారు. సగం, సగం. మూడోవంతు, మూడోవంతు. పావు, పావు. గోడ పొడుగునా అన్నీ పోయాయి. "మొదట్లో ఏం మిగిలింది?"

"ఒకటి," అంది పిన్ని.

"అంతే. జవాబు ఒకటి. అయిపోయింది. ఇంక పద."

పిన్ని కదల్లేదు. గోడ మలుపు దగ్గర, ఆఖరున, వేలు పెట్టి చూపించింది. "మరి ఇదండీ? దీన్నెవులూ కొట్టలేదు గదా. తీసీసింది అలగే ఉండిపోయింది."

మేష్టారు ఆ ముక్క మీదికి వంగారు. "అది చాలా చిన్నది."

"సిన్నదైతే లేనట్టేనా?"

"ఎంత దూరం రాస్తే అంత చిన్నదవుతుంది. ఎప్పటికీ ఆగకుండా పోతేనే సున్నా."

"నాను ఇవాళ ఆపీసేననుకోండి?"

సున్నా అని చెప్పేస్తే ఏం పోయింది! పిన్ని లేచేది, వ్యాను కదిలేది. బావ నా చెవిలో గొణిగాడు కూడా, "సున్నా అనీమనవే." కానీ ఆయన అబద్ధం లెక్క చెప్పి ఎరగరు.

"ఆపేస్తే, అంత లోటే," అన్నారు.

అని, గోడకి తల ఆనించి ఏడ్చారు. మేష్టార్లు ఏడుస్తారని నాకప్పటిదాకా తెలియదు. నాకూ ఏడుపొచ్చేసింది. "మంచం మీద పడుకుని అడిగాడే నన్ను. జవాబెంత నాన్నా అని. నువ్వే కనుక్కో, లేచి తిరిగాక చెప్పుదువుగాని అన్నాను. లేస్తాడనుకున్నాను. ఒక్క మాట! ఒకటి అని ఒక్క మాట చెప్పుంటే నా సొమ్మేం పోయేది? తెలీకుండానే వెళ్ళిపోయాడు పిల్లాడు."

పిన్ని ఆయన వైపు తిరిగింది. ఆవిడ మొహం చూసి నేను బావ చెయ్యి పట్టుకున్నాను. భయపడుతున్న మొహం అది.

"తెలీకుండా ఎల్లలేదండీ," అంది.

మేష్టారు తల తిప్పారు.

"ఆడు కనుక్కున్నాడు. నా ఒళ్ళో తలెట్టుకుని సెప్పేడు. మొదటి రెండూ కలిపితే మూడు ముక్కల్లో రెండంట. మూడు కలిపితే నాలుగు ముక్కల్లో మూడంట. నాలుగూ కలిపితే అయిదు ముక్కల్లో నాలుగంట. 'ఎప్పుడూ ఒక్క ముక్కే తక్కువమ్మా, ఆ ముక్క సిన్నదైపోతన్నాది, అంటే ఒకటికే ఎల్తన్నాది' అన్నాడు. మిగతావి ఎలగ రాయాలో కూడా సెప్పేడు. రెండు మూళ్ళు ఆరు, మూడు నాలుగులు పన్నెండు, అలగ."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నారు మేష్టారు. "ఇన్నాళ్ళూ నేను..."

"నాన్నకి సెప్పకమ్మా, తగ్గినాక నానే సెప్తాను అన్నాడండీ." అప్పుడు ఏడ్చింది పిన్ని. వాడు పోయిన రోజు కూడా ఆవిడ అలా ఏడవలేదని మా అమ్మ అనేది. "ఆడు సెప్తానన్నమాట నాను సెప్పీసేననుకోండి, ఇంక సెప్పడానికి ఆడు రాడన్నట్టే గదా. ఎలగ సెప్పీమంటారు? అందుకే లెక్క అవనిచ్చేదాన్ని కాదు."

చెప్పేసింది మరి. తను ఏం చేసిందో ఆవిడకి అప్పుడే తట్టినట్టుంది, కొంగు నోట్లో కుక్కుకుంది. మేష్టారు వంగి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని లేవదీశారు. ఆవిడ లేచింది. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగారు. మేష్టారు ముందు, ఆయన భుజం పట్టుకుని పిన్ని వెనకాల. ఆ గట్టు వైపు ఇద్దరిలో ఎవరూ తిరిగి చూడలేదు.

మర్నాడు నేనూ బావా డాబా ఎక్కాం. అంకెల మీద పల్చగా ధూళి పడింది. రెండోరోజు తొమ్మిదికి తోక కనపడలేదు. ఆ వారం గాలి గట్టిగా వీచింది. ఆ తర్వాత అక్కడ నల్లటి గట్టు తప్ప ఏమీ లేదు. నాకు దిద్దాలనిపించింది. కానీ అది నా పని కాదని తెలుసు, వేలు పెట్టలేదు. ఆ ఇంటి చోట ఇప్పుడు ఏదో కాంప్లెక్సు ఉంది. బావ లేడు, మేష్టారూ పిన్నీ ఎప్పుడో వెళ్ళిపోయారు. నేను కూడా లెక్కల టీచర్నే అయ్యాను. ఏళ్ళ తరబడి ఆ వరస బోర్డు మీద రాశాను, కొట్టివేతలన్నీ చేయించాను. మొత్తం ఒకటి అని రాసేటప్పుడు మాత్రం పిల్లల వైపు తిరగలేకపోయేదాన్ని. ఎవరైనా జవాబు చెప్పండి టీచర్ అని అడిగితే ఆ క్షణంలోనే చెప్పేసేదాన్ని. నా తోటి టీచర్లు అందుకు నన్ను ఆడిపోసుకునేవారు కూడా.

ఇంత జరిగినా, ఈ వయసులో నిద్రపట్టనప్పుడు నాకు వినపడేది డాబా మీద మాటలు కాదు. వ్యాను కదలబోతుంటే మేష్టారు ముందు సీట్లో కూర్చుని పిన్ని వైపు వంగారు. మూటలందిస్తూ నేను కిటికీ పక్కనే ఉన్నాను.

"చెప్పినప్పుడు, నవ్వాడా?" అన్నారు.

"నవ్వేడండీ," అంది పిన్ని.